ప్రశ్నలోనే విభాజనం పేరు చెప్పకండి: ఇంటర్ బోర్డు కార్యదర్శికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యా మండలి కార్యదర్శి గారికి,

ఇంటర్ రెండో సంవత్సరం గణితం 2ఎలో చిట్టచివరి అధ్యాయం గురించి ఈ లేఖ రాస్తున్నాను. సంకీర్ణ సంఖ్యలతో మొదలయ్యే ఆ పుస్తకంలో పదో అధ్యాయం 'యాదృచ్ఛిక చలరాశులు, సంభావ్యతా విభాజనాలు'. పేజీలు తక్కువ, సూత్రాలు తక్కువ, ఏడు మార్కుల ప్రశ్న వచ్చే అవకాశం మాత్రం ఎక్కువ. అందుకే పిల్లలు దీన్ని భయపడకుండా చదువుతారు, మార్కులూ తెచ్చుకుంటారు. పైకి చూస్తే ఫిర్యాదు చేయడానికి ఏమీ కనిపించదు. నా ఆవేదన ఆ మార్కుల వెనక ఉన్న చదువు గురించి. ఈ అధ్యాయంలో మనం పిల్లల చేత విభాజనాలను లెక్క కట్టిస్తున్నాం గానీ వాటిని పోల్చి చూడమని అడగడం లేదు. ఎదుట ఉన్న పరిస్థితికి ఏ విభాజనం సరిపోతుంది, ఏది సరిపోదు, రెండింటి సగటూ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది అన్న ప్రశ్నలు వాళ్ల ముందుకు రానే రావు. సంభావ్యత చదివినవాడికి రేపు బతుకులో అక్కరకొచ్చేది ఆ పోల్చే శక్తే. దాన్ని పరీక్షలోకి తీసుకురావాలని, అది మీ చేతిలో ఉన్న పనేనని చెప్పడానికే ఈ ప్రయత్నం.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతిని ముందు చూద్దాం. ఒక ద్విపద విభాజనానికి అంకమధ్యమం 4, విస్తృతి 3 అయితే కనీసం ఒక్క సఫలత రావడానికి సంభావ్యత ఎంత? ఈ తరహా లెక్క చేయని ఇంటర్ గణిత విద్యార్థి ఉండడు. విస్తృతిని అంకమధ్యమంతో భాగిస్తే విఫలత సంభావ్యత 3/4 అని తేలుతుంది. సఫలత 1/4, ప్రయత్నాలు 16. 3/4కు 16వ ఘాతం కట్టి ఒకటిలోంచి తీసేస్తే సుమారు 0.99. రెండో రకం: ఒక పాయిజాన్ చలరాశి విలువ 1 కావడానికీ 2 కావడానికీ సంభావ్యతలు సమానమైతే పరామితి ఎంత? రెండు. మూడో రకం, పట్టికలో సంభావ్యతలకు బదులు ఒక అక్షరం పెట్టి, మొత్తం ఒకటి కావాలన్న నియమంతో దాని విలువ కట్టి, ఆపై అంకమధ్యమం, విస్తృతి కనుక్కోమనేది. ఈ మూడూ సరైన లెక్కలే, అభ్యాసానికి అవసరమైనవే. అయితే మూడింటిలోనూ అసలు నిర్ణయాన్ని ప్రశ్న తయారుచేసినవారే తీసుకుని, మిగిలిన గుణకారాలు, భాగహారాలు విద్యార్థికి వదిలేశారు. ఆ 16 ప్రయత్నాలు దేనివి? ఒకదాని ఫలితం ఇంకోదాని మీద ఆధారపడదని ఎవరు చెప్పారు? సఫలత సంభావ్యత పదహారు సార్లూ మారకుండా ఉంటుందని ఎలా తెలిసింది? ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పగలిగితేనే ద్విపద విభాజనం వాడాలి. ప్రశ్నలోనే పేరు చెప్పేస్తే వీటి గురించి ఆలోచించే పని విద్యార్థికి ఉండదు.

పేరు చెప్పకుండా, పోల్చి తేల్చే పని ఎలా ఉంటుందో గణాంక శాస్త్ర చరిత్రలోనే చక్కటి ఉదాహరణ ఉంది. పాయిజాన్ తన సూత్రాన్ని 1837లో ప్రకటించాడు. అది నిజ జీవితంలో ఎక్కడ కనిపిస్తుందో గట్టిగా చూపించింది 1898లో లాడిస్లాస్ బోర్ట్‌కీవిచ్. ప్రష్యా సైనిక దళాల్లో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల వివరాలు ఆయన సేకరించాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు, అంటే 200 లెక్కలు. మొత్తం మరణాలు 122, కాబట్టి దళానికి ఏడాదికి సగటు 0.61. ఒక్క మరణం కూడా లేనివి 109, ఒకటి ఉన్నవి 65, రెండు ఉన్నవి 22, మూడు ఉన్నవి 3, నాలుగు ఉన్నది 1. సగటు 0.61తో పాయిజాన్ సూత్రం వేస్తే రావలసినవి వరసగా 108.7, 66.3, 20.2, 4.1, 0.6. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే పాఠం దానంతట అదే అర్థమవుతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. పాయిజాన్‌లో సగటు, విస్తృతి సమానం. పై లెక్కల విస్తృతి కట్టి చూడండి, 0.608 వస్తుంది. ఈ పట్టిక ఇచ్చి 'ఇది పాయిజానా, ఎందుకు?' అని అడిగితే ఇంటర్ విద్యార్థి పావుగంటలో చేయగలడు. దానికి కావలసిన సూత్రాలన్నీ విస్తరణ కొలతల అధ్యాయంలోనూ ఈ అధ్యాయంలోనూ అతను ఇప్పటికే చదివాడు.

ప్రష్యా గుర్రాలు మనకు దూరం. దగ్గరి ఉదాహరణలకు శంషాబాద్‌ను మించిన చోటు లేదనిపిస్తుంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి తరలి వచ్చాక ఈ ప్రాంతంలో రాకపోకలు, నిరీక్షణ, ఆలస్యం, రద్దీ అన్నవి రోజువారీ వ్యవహారాలయ్యాయి. ఈ చుట్టుపక్కల జూనియర్ కాలేజీలో ముగ్గురు విద్యార్థులకు మూడు లెక్కలు అప్పగించారనుకుందాం. ఒకరు మేడ మీద నుంచి దిగుతున్న విమానాలను పది నిమిషాల చొప్పున లెక్కపెడతారు. ఇంకొకరు కర్నూలు, బెంగళూరు వైపు పోయే 44వ జాతీయ రహదారి పక్కన నిలబడి కర్ణాటక నంబరు లారీలను ఐదు నిమిషాల చొప్పున లెక్కపెడతారు. మూడో వ్యక్తి డిపార్చర్ వైపు ఒక ద్వారం దగ్గరికి వచ్చేవారిని నిమిషం చొప్పున లెక్కపెడతారు. తలా పది లెక్కలు. ఈ కింది సంఖ్యలు ప్రశ్న కోసం నేను కల్పించినవి. విమానాలు: 4, 4, 3, 5, 4, 4, 4, 3, 5, 4. లారీలు: 2, 6, 4, 3, 8, 4, 1, 5, 2, 5. మనుషులు: 0, 11, 2, 9, 0, 1, 12, 0, 4, 1. మూడింటి మొత్తం 40, మూడింటి సగటు 4. సగటు మాత్రమే చూసేవారికి ఈ మూడూ ఒకటే. విస్తృతులు కడితే వరసగా 0.4, 4, 20.8.

ఈ మూడు సంఖ్యల వెనక కారణాలు చెప్పగలగడమే నేను కోరుకునే చదువు. విమానాలు వాటి ఇష్టానికి దిగవు. ముందు విమానం రెక్కల వెనక లేచే గాలి సుడి తగ్గేదాకా వెనక విమానాన్ని దూరంగా ఉంచాలి, ఆ ఎడం పాటింపజేసే బాధ్యత కంట్రోల్ టవర్‌లో, రాడార్ ముందు కూర్చున్నవారిది. కాబట్టి అక్కడ క్రమబద్ధత ఎక్కువ, విస్తృతి సగటుకన్నా బాగా తక్కువ. రహదారి ఖాళీగా సాగుతున్నప్పుడు ఒక కర్ణాటక లారీకీ తర్వాతి కర్ణాటక లారీకీ సంబంధం ఉండదు, అందుకే అక్కడ పాయిజాన్ కుదురుతుంది. ఇక డిపార్చర్ ద్వారం. అమెరికా చదువుకో, గల్ఫ్ కొలువుకో ఒక్కరు బయలుదేరితే అమ్మానాన్నలు, బాబాయి పిన్నులు, మేనమామ, స్నేహితులు రెండు బండ్లలో వెంట వస్తారు. ఒక బండి ఆగితే ఆరుగురు దిగుతారు, ఆ తర్వాత రెండు నిమిషాలు ఎవరూ ఉండరు. మనుషులు విడివిడిగా రావడం లేదు, గుంపులుగా వస్తున్నారు. పాయిజాన్ అడిగే స్వతంత్రత అక్కడ లేదు, విస్తృతి సగటుకు ఐదింతలు దాటింది. పది లెక్కలతో ఇంత ఖచ్చితంగా చెప్పొచ్చా అని ఎవరైనా అడిగితే అది మంచి ప్రశ్న. సగటు 4 ఉన్న నిజమైన పాయిజాన్ నుంచి పది లెక్కలు తీసినా విస్తృతి 1 నుంచి 7 దాకా ఊగవచ్చు. 0.4, 20.8 మాత్రం ఆ ఊగిసలాటతో వివరించగలిగినవి కావు. ఈ జాగ్రత్తను కూడా పిల్లలు అక్కడే నేర్చుకుంటారు.

స్వతంత్రత అన్న మాటను పుస్తకంలో ఒక్క పదంగా చదివి దాటేస్తాం. అది తప్పితే ఎంత నష్టమో లెక్కలో చూపించవచ్చు. రాజమండ్రి, తిరుపతి వంటి దగ్గరి ఊళ్లకు పోయే ఏటీఆర్ విమానంలో 78 సీట్లున్నాయనుకుందాం. 80 టికెట్లు అమ్మారు. ఒక్కో ప్రయాణికుడు రాకపోయే అవకాశం నూటికి ఐదు. ఇద్దరికి మించి సీటు దొరకని ప్రమాదం ఎలాగూ లేదు, రానివారి సగటు 4 కాబట్టి సగటు మాత్రమే చూస్తే ఆ ఇద్దరికీ కూడా దొరుకుతుంది. ఇప్పుడు విభాజనం చూద్దాం. సీట్లు చాలకపోవడమంటే రానివారు సున్నా గానీ ఒక్కరు గానీ కావడం. ఎవరికి వారు విడిగా ప్రయాణిస్తుంటే ద్విపద విభాజనం ప్రకారం ఆ సంభావ్యత 0.086. ఘాతాలు కట్టడం కష్టమని పాయిజాన్‌తో ఉజ్జాయింపు వేస్తే 0.092. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, పెద్ద సంఖ్య ప్రయత్నాలకు చిన్న సంభావ్యత ఉంటే పాయిజాన్ వాడొచ్చని పుస్తకం చెప్పే మాట ఎంతవరకు నిజమో ఇక్కడ కంటికి కనిపిస్తుంది. అయితే అదే విమానంలో 80 మందీ 40 జంటలనుకోండి. వస్తే ఇద్దరూ వస్తారు, మానితే ఇద్దరూ మానేస్తారు. అప్పుడు ఒక్క జంట కూడా మానకపోతేనే సీట్లు చాలవు, ఆ సంభావ్యత 0.129. నలుగురేసి ఉన్న 20 కుటుంబాలైతే 0.358. మూడు సందర్భాల్లోనూ రానివారి సగటు 4 చెక్కుచెదరలేదు. విస్తృతి మాత్రం 3.8 నుంచి 7.6కు, అక్కడి నుంచి 15.2కు, ప్రతిసారీ రెట్టింపైంది. నూటికి తొమ్మిది సార్ల లోపు జరిగే ఇబ్బంది నూటికి 36 సార్లు జరిగేదిగా మారింది. పెళ్లిళ్ల కాలంలో, తిరుపతి మొక్కుల కాలంలో మన విమానాల్లో ఉండేది చివరి రకం ప్రయాణికులే. ద్విపద సూత్రం కంఠతా వచ్చినవాడు మొదటి జవాబు దగ్గర ఆగిపోతాడు. సూత్రం ఎప్పుడు చెల్లుతుందో తెలిసినవాడు మూడో జవాబు దాకా వస్తాడు. ఈ ఇద్దరినీ వేరు చేసే ప్రశ్న మన పత్రంలో ఎక్కడుంది?

పోలిక అన్నది విస్తృతి కట్టడంతో ముగిసేది కూడా కాదు. మెహిదీపట్నం వైపు నుంచి విమానాశ్రయానికి వచ్చేవారు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా ఆరాంఘర్ చేరి జాతీయ రహదారి పట్టుకోవచ్చు, లేదా గచ్చిబౌలి వైపు తిరిగి అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కవచ్చు. ఏ దారికి ఏ సంఖ్యలన్నది పక్కనపెట్టి, రెండు ఊహా దారులు తీసుకుందాం. మొదటి దారిలో 55, 60, 65 నిమిషాలు పట్టే సంభావ్యతలు వరసగా 0.25, 0.5, 0.25. రెండో దారిలో 0.8 సంభావ్యతతో 50 నిమిషాలు, ఎక్కడైనా ట్రాఫిక్ ఆగిపోతే 0.2 సంభావ్యతతో 100 నిమిషాలు. రెండింటి సగటూ 60 నిమిషాలే. విస్తృతులు 12.5, 400. విస్తృతి తక్కువున్నదే మేలని విద్యార్థి తేల్చేస్తాడు. చేతిలో 75 నిమిషాలున్న ప్రయాణికుడికి ఆ మాట నిజమే, మొదటి దారిలో విమానం తప్పదు, రెండో దారిలో ఐదింట ఒకసారి తప్పుతుంది. ఆలస్యంగా బయలుదేరి చేతిలో 52 నిమిషాలే మిగిలినవాడి సంగతి చూడండి. మొదటి దారిలో అతను విమానం అందుకోవడం అసాధ్యం, రెండో దారిలో నూటికి 80 సార్లు అందుకుంటాడు. ఏ విభాజనం మంచిది అన్న ప్రశ్నకు ఎవరికి, ఏ గడువుకు అన్నది చేర్చకుండా జవాబు లేదు. ఒకే సంఖ్యతో పోలిక ముగించకూడదని, మొత్తం ఆకారం చూడాలని ఇంతకన్నా సులువుగా చెప్పే లెక్క నాకు తోచడం లేదు.

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నెలనెలా ఇచ్చే నివేదికలో విమానయాన సంస్థల సమయపాలన శాతాలు ఉంటాయి, హైదరాబాద్ లెక్కలూ అందులో ఉంటాయి. నిర్ణీత సమయానికి 15 నిమిషాల లోపు తేడాతో నడిచిన విమానం సమయానికి నడిచినట్టే. రెండు సంస్థలూ నూటికి 80 సాధించాయనుకుందాం. మిగతా ఇరవై విమానాల్లో ఒక సంస్థవి 20 నిమిషాలు ఆలస్యం, మరో సంస్థవి నాలుగు గంటలు ఆలస్యం కావచ్చు. శాతం ఒకటే, ప్రయాణికుడి అనుభవం వేరు. పత్రికలో ఆ శాతం చదివే పౌరుడికి 'మిగతా ఇరవై సంగతేమిటి?' అని అడగాలని తోచాలంటే ఆ అలవాటు పదిహేడేళ్ల వయసులో, తరగతి గదిలో పడాలి. శంషాబాద్ పక్కనే ఉన్న హిమాయత్ సాగర్ సంగతీ అంతే. 1908 మూసీ వరద తర్వాత నగర రక్షణకు కట్టిన జంట జలాశయాల్లో అది ఒకటి. నూరేళ్లకు ఒకసారి వచ్చే వరద అని వింటే మన కాలంలో రాదులే అనుకుంటాం. ఏటా నూటికి ఒక వంతు అవకాశం, ఏ ఏడాదికి ఆ ఏడాది విడి అనుకుంటే, ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు కనీసం ఒక్కసారి ఆ వరద వచ్చే సంభావ్యత 0.26. నాలుగింట ఒక వంతుకు పైనే. శంషాబాద్ చుట్టూ ప్లాట్లు కొంటున్న ప్రతి కుటుంబంలోనూ ఈ లెక్క కట్టగల ఇంటర్ విద్యార్థి ఒకరు ఉండాలి.

విభాజనాలను పోల్చడమన్నది ఏదో కొత్త మోజు అని, బడిపిల్లలకు దింపిన పరిశోధనాంశమని ఎవరైనా అంటారేమో. ఆ విద్యకు పునాది వేసినవారిలో మన తెలుగువాడు ముందు వరసలో ఉన్నాడు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంక శాస్త్రం నేర్చుకున్న సి.ఆర్.రావు 1945లో, పాతికేళ్ల వయసులో ఒక వ్యాసం ప్రచురించారు. అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్-రావు అసమానత అందులోదే. అదే వ్యాసంలో ఒక విభాజనానికీ మరో విభాజనానికీ మధ్య దూరాన్ని ఎలా కొలవాలో కూడా ఆయన చూపించారు. అంతకు ముందు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ జనసమూహాల శరీర కొలతలను పోల్చడానికి తెచ్చిన దూరపు భావనను అది ఇంకో మెట్టు ఎక్కించింది. మరుసటి ఏడాది రావు కేంబ్రిడ్జ్ వెళ్లింది కూడా పోలిక పని మీదే, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి. ఇక్కడ నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకునే విషయం ఇంకొకటి ఉంది. ఆ ప్రసిద్ధ అసమానత పుట్టింది రావు పాఠం చెబుతున్న తరగతిలో వి.ఎం.దాండేకర్ అనే విద్యార్థి వేసిన ప్రశ్న నుంచి. పెద్ద నమూనాలకు గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న నమూనాలకు కూడా వర్తిస్తుందా అని ఆ విద్యార్థి అడిగాడు. సూత్రం ఎప్పుడు చెల్లుతుంది అన్నదే ఆ ప్రశ్న. మన పరీక్ష అడగకుండా వదిలేస్తున్నది సరిగ్గా ఆ ప్రశ్ననే. రావుకు 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర పురస్కారం ఇచ్చారు, అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన పేరిట గణిత, గణాంక పరిశోధన సంస్థ గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. ప్రశ్నల బ్యాంకు తయారీకి సలహా కావాలంటే మీరు దూరం వెళ్లనక్కర్లేదు.

మీ వైపు నుంచి రాగల అభ్యంతరాలను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మొదటిది మూల్యాంకనం. లక్షల జవాబు పత్రాలు కొద్ది రోజుల్లో దిద్దాలి, 'కారణం చెప్పండి' అంటే ఒక్కో దిద్దేవారు ఒక్కోలా మార్కులు వేస్తారు, రీవెరిఫికేషన్ దరఖాస్తులు పెరుగుతాయి. ఇది నిజమైన భయమే. ఉపాయం ప్రశ్న నిర్మాణంలో ఉంది. ఏడు మార్కుల్లో ఐదు సగటు, విస్తృతి, సంభావ్యత లెక్కలకే ఉంచండి, వాటికి ఒకే జవాబు ఉంటుంది. మిగిలిన రెండు మార్కులు ఏ విభాజనం అన్న ఎంపికకూ, ఒక్క వాక్యంలో కారణానికీ ఇవ్వండి. శంషాబాద్ లెక్కల విషయంలో అంగీకరించదగ్గ కారణాలు మూడు నాలుగుకు మించవు, వాటిని మూల్యాంకన సూచికలో ముందే రాసి పంపవచ్చు. ఆర్థిక శాస్త్రం, చరిత్ర పత్రాల్లో పేజీల కొద్దీ వ్యాసాలు దిద్దిస్తున్న బోర్డుకు ఒక వాక్యం భారం కాదు.

రెండో అభ్యంతరం ప్రవేశ పరీక్షలది. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో గణితానివే 80. అంత వేగంలో కారణాలు ఆలోచించేదెప్పుడు, సూత్రం గుర్తుంటే చాలు కదా అంటారు. పోలిక ప్రశ్నను నాలుగు ఐచ్ఛికాలతోనూ అడగవచ్చు. పైన చెప్పిన మూడు వరసలు ఇచ్చి, వీటిలో ఏది పాయిజాన్ అంటే విస్తృతులు కట్టి నిమిషంన్నరలో గుర్తు పెట్టొచ్చు. పైగా జేఈఈ మెయిన్ సిలబస్ నుంచి 2024లో ద్విపద విభాజనాన్ని తీసేశారు. అంతకు ముందు 2022లో ఎన్‌సీఈఆర్‌టీ కూడా 12వ తరగతి పుస్తకాన్ని కుదించినప్పుడు దాన్ని తొలగించింది. అంటే జాతీయ స్థాయిలో ఈ అధ్యాయానికి ప్రవేశ పరీక్షల అండ పోయింది. నాకున్న దిగులు అక్కడే. పరీక్షలో రాదు కాబట్టి అవసరం లేదన్న తర్కంతో రేపు మన పుస్తకం నుంచి కూడా ఈ అధ్యాయం జారిపోవచ్చు. సూత్రంలో విలువలు వేయడమే ఈ అధ్యాయమైతే, తీసేయాలన్నవారికి ఎదురు చెప్పడం కష్టం. తీర్పు చెప్పడం నేర్పే అధ్యాయమైతే, గణితం 2ఎలో ఇంతగా జీవితంతో ముడిపడిన పాఠం ఇంకోటి లేదని ధైర్యంగా వాదించవచ్చు.

ముందు సూత్రాలు స్థిరపడనివ్వండి, పోలికలు డిగ్రీలో చూసుకుంటారు అనేది మూడో మాట, దీన్ని మంచి అధ్యాపకులే అంటారు. సూత్రం రానివాడు పోల్చలేడన్నది ఒప్పుకుంటాను. లెక్కల అభ్యాసం తగ్గించమని నేను కోరడం లేదు కూడా. కానీ డిగ్రీలో చూసుకుంటారన్నది జరిగే పని కాదు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవారిలో ఎక్కువమంది ఇంజినీరింగ్ వైపు పోతారు, అక్కడ సంభావ్యత ఒక సెమిస్టరులో ఒక భాగం. ఎంఈసీ పిల్లలు చాలామంది గణితానికి ఇంటర్‌తోనే సెలవు చెబుతారు. వాళ్లందరికీ విభాజనం అన్న మాట వినిపించే చివరి గది ఇదే కావచ్చు. అదీగాక పోలిక సూత్రాన్ని బలపరుస్తుంది. ద్విపదకు విస్తృతి సగటుకన్నా తక్కువ, పాయిజాన్‌కు సమానం, గుంపులుగా వచ్చేవాటికి ఎక్కువ అని మూడు పట్టికలు పక్కన పెట్టి చూసినవాడు సూత్రం మరిచిపోయినా తిరిగి నిలబెట్టుకోగలడు.

గ్రామీణ, ప్రభుత్వ కాలేజీల్లో కంప్యూటర్లు లేవు, కాలిక్యులేటర్ పరీక్షకు అనుమతించరు, పిల్లల్ని విమానాశ్రయానికి పంపలేం అన్న అభ్యంతరం ఇంకా మిగిలింది. ఈ లేఖలోని ఏ లెక్కకూ కంప్యూటర్ అక్కర్లేదు. కావలసిన ఘాతాల విలువలు, ఘాతాంక విలువలు ప్రశ్నలోనే అచ్చువేస్తే సరిపోతుంది. టికెట్ లేనివారిని టెర్మినల్ లోపలికి రానివ్వరు, రానివ్వాల్సిన అవసరమూ లేదు. లెక్కపెట్టడానికి రోడ్డు పక్క నీడ చాలు. శంషాబాద్‌లో లారీలైతే ఆదిలాబాద్‌లో బస్టాండుకు వచ్చే బస్సులు, సూర్యాపేటలో టోల్‌గేటు దాటే కార్లు, నల్లగొండలో ఆసుపత్రి ఓపీ వరసలో చేరేవారు. ఒక పీరియడ్ లెక్కపెట్టడానికి, ఇంకో పీరియడ్ పట్టిక వేసి సగటు, విస్తృతి పోల్చడానికి. ఇందులో పట్నం పిల్లవాడికి ఉన్న అదనపు సౌకర్యం ఏదీ నాకు కనిపించడం లేదు.

కాబట్టి మిమ్మల్ని మూడు కోరుతున్నాను. మీరు విడుదల చేసే తర్వాతి గణితం 2ఎ నమూనా పత్రంలో, విభాజనం పేరు చెప్పకుండా ఒక పట్టిక ఇచ్చి 'ఏది సరిపోతుంది, ఎందుకు' అని అడిగే ఏడు మార్కుల ప్రశ్న ఒక్కటైనా పెట్టండి. అధ్యాయం చివర అభ్యాసాల్లో సగటు ఒకటే ఉండి విస్తృతి వేరైన జంట లెక్కలు కనీసం అరడజను చేర్పించండి, వాటికి దత్తాంశాలు ఏ జిల్లా పిల్లలకు ఆ జిల్లా నుంచే సేకరించమని లెక్చరర్లకు చెప్పండి. సిలబస్ కుదింపు చర్చకు వచ్చిన రోజున ఈ అధ్యాయాన్ని తీసేసే జాబితాలో చేర్చకండి. మొదటి కోరికకు కొత్త పుస్తకం గానీ, బడ్జెట్ గానీ, ప్రభుత్వ ఉత్తర్వు గానీ అవసరం లేదు. ప్రశ్నపత్రం తయారుచేసే నిపుణులకు మీరు ఇచ్చే ఒక్క సూచన చాలు. ఆ సూచన ఈ విద్యా సంవత్సరంలోనే ఇవ్వండి.

భవదీయుడు,
శంషాబాద్, రంగారెడ్డి జిల్లా